పాదాలున్న రసం

చపలం, రసం, సూతం, పారదం. అమరసింహుడు ఈ నాలుగు మాటల్నీ ఒక్క ఊపులో చెప్పేసి తర్వాతి మాట మీదికి వెళ్ళిపోయాడు. నిఘంటుకారుడికి ఆగే తీరిక ఉండదు. ఆ తీరిక మనం చేసుకోవాలి. ఎందుకంటే ఇవి ఒకే పేరుకు నాలుగు రూపాలు కావు, ఒకే వస్తువును నాలుగు వైపులనుంచి చూసిన నాలుగు చూపులు. ఒకరు దాని నిలకడలేనితనాన్ని చూశారు, ఒకరు దాని ఆకలిని చూశారు, ఒకరు అది కనే సిద్ధిని చూశారు, మరొకరు అది చేర్చే ఒడ్డును చూశారు. తెలుగువాడు అందరికన్నా ఆఖరున వచ్చి దాని కాళ్ళు చూశాడు.

ముందు వస్తువును చూద్దాం, పేర్లు తర్వాత. గాజుపలక మీద నీటిచుక్క పడితే పరుచుకుంటుంది, అంటుకుంటుంది, ఆరితే మరక మిగులుస్తుంది. పాదరసం చుక్క పలకకు ఏమీ ఇవ్వదు, పలకనుంచి ఏమీ పుచ్చుకోదు. తనలోకి తానే ముడుచుకుని పూసై నిలుస్తుంది. దాని తలతన్యత నీటికన్నా ఆరేడు రెట్లు ఎక్కువ, ఆ బిగువంతా అందువల్లే. సన్నని గొట్టంలో నీరు అంచుల వెంట పైకి పాకి నడుమ గుంటపడుతుంది. పాదరసం అంచుల్ని వదిలేసి నడుమ ఉబ్బుతుంది. అదిమితే పది పూసలై చెదురుతుంది. ఏ పూసను చూసినా అర కాదు, పాతిక కాదు, నిండు గోళమే. పలకను కాస్త వంచితే పదీ ఒకదాన్నొకటి తాకి, అతుకు కనబడకుండా ఒక్కటైపోతాయి. ఆ చెదరడానికీ ఆ కూడడానికీ కన్ను ఎంతసేపటికీ అలవాటు పడదు. ఇక బరువు. లీటరు పాదరసం పదమూడున్నర కిలోలు తూగుతుంది. ఇనప మేకు దానిమీద తేలుతుంది, సీసం గుండూ తేలుతుంది. బంగారం మాత్రం మునుగుతుంది, మునిగి ఊరుకోక కరుగుతుంది.

చూపుకు నీరు, తూకానికి లోహం, నడకకు ప్రాణి. పేరు పెట్టబోయిన ప్రతి జాతీ ఈ మూడింటిలో ఏదో ఒకదాని దగ్గర నిలబడిపోయింది.

గ్రీకులు నీటి దగ్గర నిలబడ్డారు. మొదట దీన్ని ‘పోసిన వెండి’ అన్నారు. డేడలస్ అనే శిల్పి చెక్కతో దేవత బొమ్మ చేసి, లోపల ఈ పోసిన వెండి నింపి, దాన్ని కదిలేట్టు చేశాడన్న కథను అరిస్టాటిల్ ఆత్మను గురించి రాసిన గ్రంథంలో ప్రస్తావిస్తాడు. ఆత్మ శరీరాన్ని ఎలా కదిలిస్తుందన్న చర్చలో ఈ లోహం సాక్షిగా రావడం నాకు ఎంతో ఇష్టమైన విషయం. తరవాతి గ్రీకు మాట హైడ్రార్గిరోస్, అంటే నీటివెండి. ఆవర్తన పట్టికలో హెచ్‌.జి. అన్న రెండక్షరాలు దాని ఆనవాళ్ళే. చైనావాళ్ళ షుయ్‌యిన్ కూడా నీటివెండే. పారసీకుల సీమాబ్ కూడా అంతే: సీమ్ అంటే వెండి, ఆబ్ అంటే నీళ్ళు. హైదరాబాదు ఉర్దూ ముషాయిరాల్లో చెవినపడే మాట అది. సీమాబ్ అక్బరాబాదీ అనే కవి దాన్ని కలంపేరుగానే పెట్టుకున్నాడు. నిలవని గుండెకు అంతకన్నా మంచి పేరు ఏ కవికి దొరుకుతుంది?

చైనా లిపిలో ఇంకో ముచ్చట ఉంది. అక్కడ లోహాల పేర్లు రాసే అక్షరాల్లో లోహాన్ని సూచించే గుర్తు ఒకటి ఉంటుంది. ఇనుము, రాగి, వెండి, తగరం, అన్నింటికీ అదే. పాదరసానికి రాసే అక్షరంలో మాత్రం ఆ గుర్తు లేదు. అడుగున నీటి గుర్తు ఉంది. లోహాల కుటుంబంలో పుట్టి నీళ్ళ ఇంట్లో పెరిగిన బిడ్డని ఒక్క అక్షరం చెప్పేస్తుంది. చైనా తొలి చక్రవర్తి చిన్ షి హ్వాంగ్ సమాధిలో పాదరసంతో నదులూ సముద్రాలూ చేయించారని సిమా చియెన్ రాశాడు. షియాన్ దగ్గరున్న ఆ దిబ్బ మట్టిలో పాదరసం మోతాదుకు మించి ఉందని ఆధునిక పరీక్షల్లోనూ తేలింది.

రోమన్లు ప్రాణం దగ్గర నిలబడ్డారు. వాళ్ళ మాటకు అర్థం ‘బతికున్న వెండి’. ఇంగ్లీషు క్విక్‌సిల్వర్ కూడా అదే. ఇవాళ క్విక్ అంటే త్వరగా అనే అర్థం ఒక్కటే తెలుసు గాని, ఆ మాట మొదటి అర్థం ప్రాణమున్నది అని. అరబ్బీ జీబక్ పారసీకంలోని ‘జీవించేది’ అన్న మాట నుంచి వచ్చింది. లాటిన్ వీవుస్, ఇంగ్లీషు క్విక్, పారసీకపు ఆ మాట, మన జీవం, ఈ నాలుగూ ఒకే తల్లివేరు నుంచి చీలినవి. అంటే ఇంత దూర దూర దేశాల్లో ఈ చుక్కను చూసి పక్కవాడి భుజం తట్టి ‘చూడు, బతికుంది!’ అన్నవాళ్ళందరూ ఒకే ధాతువుతో అన్నారు. 

మెర్క్యురీ అన్నది తరవాతి ముచ్చట. గ్రహానికొక లోహం పంచుకున్న రోజుల్లో సూర్యుడికి బంగారం, చంద్రుడికి వెండి, శుక్రుడికి రాగి, కుజుడికి ఇనుము, గురుడికి తగరం, శనికి సీసం పోగా, దేవతల వార్తాహరుడూ వర్తకుల దేవుడూ అయిన మెర్క్యురీకి ఈ చపల లోహం దక్కింది. మిగతావన్నీ ఆ గ్రహాల పేర్లు వదిలేశాయి, ఇది ఒక్కటే పట్టుకుని ఉంది. ఆ గ్రహం మనకు బుధుడు. మన బుధవారం రోమన్లకు మెర్క్యురీ వారం. వెండిని చంద్రుడి లోహమనుకుంటే, వెండిలా మెరిసే ఈ ద్రవానికి చంద్రుడి కొడుకు పేరు రావడం మన పురాణానికి ఎంత బాగా అతికిందో చూడండి. కానీ మనవాళ్ళు దీన్ని బుధుడికి ఇవ్వలేదు, నేరుగా శివుడికి ఇచ్చేశారు. మెర్క్యురీ అన్న పేరులో వేగం ఉంది, కొంటెతనం ఉంది. లోహం మాత్రం లేదు. అందుకే అందమైన పేరే అయినా నా లెక్కలో రెండో మెట్టు మీదే ఉంటుంది.

మన దేశంలో దీని అసలు పేరు రసం. ఇక్కడికి వచ్చేసరికి చూపు, తూకం, నడక మూడూ వెనకబడతాయి. వాగ్భటుడి పేర ఉన్న రసరత్నసముచ్చయం దీన్ని రసమని ఎందుకంటారో చెబుతుంది: సమస్త ధాతువులనూ రుచిచూసి మింగేస్తుంది కాబట్టి. ఆ ఒక్క వివరణలో నాలుక ఉంది, ఆకలి ఉంది, కంసాలి దుకాణంలో బంగారపు రేణువు కళ్ళముందే మాయమైపోయే వింత ఉంది. బంగారం, వెండి, రాగి, తగరం, సీసం అన్నీ దీనికి ఆహారమే. ఇనుము ఒక్కటే దీని దంతాలకు లొంగనిది. అందుకే లోకమంతా పాదరసాన్ని ఇనప సీసాల్లో పోసి అమ్మింది. రసశాస్త్రం దీనికి నోరు కూడా కల్పించింది. సంస్కారం పొంది లోహాన్ని మింగడానికి సిద్ధమైన పాదరసాన్ని ‘బుభుక్షితం’ అంటారు, ఆకలిగొన్నదని. దానికి పెట్టే అభ్రకం ‘గ్రాసం’. అరిగించుకోవడం ‘జారణం’. వంటింటి భాషలో లోహశాస్త్రం రాసినవాళ్ళు మనవాళ్ళు.

రుచి చూసేదీ రసమే, రుచీ రసమే. చెరకులో రసం, పులుసులో రసం, నాట్యశాస్త్రంలో రసం. పరమాత్మే రసమన్న ఉపనిషద్వాక్యాన్ని రసేశ్వర దర్శనం వాళ్ళు ఎలాంటి సంకోచం లేకుండా ఈ లోహానికి అన్వయించుకున్నారు. పద్నాలుగో శతాబ్దంలో మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహం రాస్తూ బౌద్ధ, జైన దర్శనాల వరసలోనే ఒక అధ్యాయం పాదరసానికి కేటాయించాడు. ఒక లోహాన్ని దర్శనంగా ఒప్పుకుని పీట వేసిన పండితసభను తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. మన జగన్నాథ పండితరాయలు తన అలంకారశాస్త్ర గ్రంథానికి రసగంగాధరం అని పేరు పెట్టాడు. ఆయన చెప్పింది కావ్యరసమే, సందేహం లేదు. అయినా రసం, గంగాధరుడు పక్కపక్కన కనబడేసరికి రసవాది ఎవడైనా కొంటెగా నవ్వుకునే ఉంటాడు.

మిగతా పేర్ల వ్యుత్పత్తులూ రసరత్నసముచ్చయంలోనే వరసగా దొరుకుతాయి. దేహసిద్ధినీ లోహసిద్ధినీ కంటుంది కాబట్టి సూతం. రోగాల బురదలో కూరుకుపోయినవాణ్ణి అవతలి ఒడ్డుకు, అంటే పారానికి, చేర్చేది కాబట్టి పారదం. భాషాశాస్త్రజ్ఞులు ఇలాంటి వివరణలకు నవ్వుతారు. పారదులనే వాయవ్యదేశపు జనం మనుస్మృతిలోనూ భారతంలోనూ కనబడతారు, ఈ లోహం వాళ్ళ వైపునుంచి రావడంవల్లే ఆ పేరేమో అన్న ఊహ ఉంది. కావచ్చు. పాదరసపు ఖనిజమైన ఇంగిలీకానికి సంస్కృతంలో ‘దరదం’ అన్న పేరుంది, అదీ దరదులనే మరో వాయవ్య జనాన్నే గుర్తుచేస్తుంది. ఎర్రని ఇంగిలీకాన్ని కాలిస్తేనే కదా ఈ తెల్లని ద్రవం వచ్చేది. కానీ రసవిమర్శకు చరిత్ర ఒక్కటే ప్రమాణం కాదు. ఆ మాట నోటనున్నవాళ్ళు అందులో ఏం విన్నారన్నది కూడా దాని అర్థమే. వాళ్ళు అందులో ఒడ్డును విన్నారు.

రసరత్నసముచ్చయంలోనే ఒక కథ ఉంది. శివతేజస్సు అగ్ని నోటినుంచి జారి, నూరు యోజనాల లోతున్న ఐదు బావుల్లో పడింది. అది మామూలుగా తోడితే రాదు. రజస్వలై స్నానం చేసి, నగలు పెట్టుకున్న కన్య ఒకతె మంచి గుర్రమెక్కి వచ్చి బావిలోకి ఒక్కసారి తొంగిచూసి వెనక్కి దౌడు తీయాలి. బావిలోని రసం ఆమెను పట్టుకోవాలని ఎగిసి, గట్టు దాటి, యోజనం మేర తరుముతుంది. అందక తిరిగి వెళుతూ దారిలో తవ్వి ఉంచిన గుంటల్లో చిక్కుకుంటుంది. అలా చిక్కినదే మనకు దొరికేది. ఇలాంటి కథే దూరాన సిరియా భాషలోని రసవాద గ్రంథంలోనూ కనిపిస్తుంది. ఎవరు ఎవరికి చెప్పారో గాని, చెప్పినవాడు పలక మీద దొర్లే చుక్కను గంటలకొద్దీ చూసినవాడే. వెంటబడడం, అందకపోవడం, వెనుదిరగడం, గుంటల్లో మిగలడం అన్నీ ఆ చుక్క చేసేవే. విప్రలంభ శృంగారంలో లోహం నాయకుడైన కథ ఇంకెక్కడైనా ఉందా?

పాదరసం చేతికందకుండా పోయే ఐదు దారులకు ‘గతులు’ అని పేరు పెట్టారు. నీళ్ళలో కొట్టుకుపోవడం జలగతి, చుక్కలై వడిగా తప్పుకోవడం హంసగతి, మడ్డితో పోవడం మలగతి, పొగతో పోవడం ధూమగతి. ఐదోది జీవగతి. కంటికి కనబడకుండా, దేహంనుంచి జీవుడు వెళ్ళినట్టు వెళ్ళిపోవడం. మొదటి నాలుగూ కంటికి కనబడేవి, ఐదోదాన్ని మాత్రం మంత్రధ్యానాలతోనే ఆపగలమన్నారు. తెరిచిపెట్టిన పాదరసం గది వేడికే ఆవిరై తరిగిపోతుందని ఇవాళ మనకు తెలుసు. సున్నితమైన త్రాసులు లేని రోజుల్లో ఆ తరుగును గమనించి, దానికి ఇంత గొప్ప పేరు పెట్టినవాడి ముందు నేను చేతులు జోడిస్తాను.

సంస్కారాల పేర్లు వింటే ఎవరిదో జీవితచరిత్ర వింటున్నట్టు ఉంటుంది. మొత్తం పద్దెనిమిది, మొదటి ఎనిమిదీ ఇవి. చెమట పట్టించడం స్వేదనం, నూరడం మర్దనం, స్పృహ తప్పించడం మూర్ఛనం, మళ్ళీ లేపడం ఉత్థాపనం, పడదోయడం పాతనం, మేలుకొల్పడం బోధనం, అదుపులో పెట్టడం నియమనం, ఆకలి రగిలించడం దీపనం. దాని ఒంటిమీద ఏడు కంచుకాలుంటాయి, మలినాల తొడుగులు, అవి ఒక్కొక్కటే ఊడిరావాలి. ఇక అంతిమ స్థితులు మూడు. మూర్ఛపోయిన రసం రోగం పోగొడుతుంది, చచ్చిన రసం బతికిస్తుంది, కట్టుబడిన రసం ఆకాశంలో ఎగరేస్తుంది. ఇందులో వైద్యమెంత, ఊహ ఎంత అన్న లెక్క ఇప్పుడు నాకు అక్కర్లేదు. బతికున్న వెండి అని రోమనులు ఒక్క మాటతో ఊరుకున్నచోట, మనవాళ్ళు దానికి మూర్ఛ, మరణం, బంధం, మోక్షం కూడా ఇచ్చారు.

అందులో నన్ను కట్టిపడేసేది గంధకంతో దాని పెళ్ళి. పాదరసం శివుడిది, గంధకం పార్వతిది. తెల్లగా మెరిసేదాన్నీ పచ్చని పొడినీ కల్వంలో వేసి నూరగా నూరగా మెరుపు చస్తుంది, పచ్చదనం చస్తుంది, కాటుకలాంటి నల్లని పొడి మిగులుతుంది. పేరు కూడా కజ్జలి, కాటుకే. దాన్ని మట్టిగుడ్డ చుట్టిన గాజుకుప్పెలో పోసి, ఇసుకలో పాతి, నింపాదిగా కాలిస్తే కుప్పె మెడ దగ్గర ఎర్రని పెచ్చు కడుతుంది. అది రససిందూరం. రసాయనికంగా అది గని నుంచి తవ్వి తీసిన ఇంగిలీకమే. ఎరుపులో పుట్టి, తెలుపై పారి, నలుపై చచ్చి, తిరిగి ఎరుపై లేచింది. ఇంతటి నాటకం ఇంకే లోహమూ ఆడదు. బంగారం చేర్చి వండినదానికి మకరధ్వజం అని పేరు. మకరధ్వజుడంటే మన్మథుడు. శివుడు మూడోకంటితో కాల్చిన మన్మథుడి పేరు శివతేజస్సుతో చేసిన మందుకు పెట్టిన వైద్యుడు కవి కాకపోతే ఇంకెవరు? మన తెలుగు నేలమీద వాడుకలో నిలిచిన బసవరాజీయంలోనూ రసౌషధాలు ఎన్నో ఉన్నాయి.

ఇక మన మాట. పారద రసమే జనం నోట నలిగి, నడుమ ర జారిపోయి, పాదరసమై ఉంటుందని అనుకోవడం సమంజసం. కన్నడంలోనూ పాదరసమే, తమిళంలోనూ అదే. హిందీవాళ్ళు మరో కొస పట్టుకుని పారా అన్నారు. కానీ ర జారడంతో ఏం జరిగిందో చూడండి. అవతలి ఒడ్డు పోయి అడుగు వచ్చింది. మోక్షం పోయి నడక వచ్చింది. అది పండితుడికి అపభ్రంశం, పలకమీది చుక్కను చూసినవాడికి సవరణ. పాదాలు లేని వస్తువుకు పాదాలిచ్చి, పరుగెత్తే వస్తువును పరుగుతోనే పిలిచాం. ఉచ్చారణ కూడా దానికి తగ్గట్టే ఉంది. పా అని సాగదీసి, దరసం అని మూడు హ్రస్వాల్లో టకటకా దొర్లిపోతుంది. చుక్క కాసేపు నిలిచి, వంపు దొరకగానే జారినట్టు.

వాడుకలో ఆ చురుకు ఇంకా చావలేదు. ‘వాడిది పాదరసంలాంటి బుర్రరా’ అంటాం. ఆ మాటలో మెచ్చుకోలే ఉంది. చపలం అన్న సంస్కృత పదంలో నిలకడలేదన్న నింద ఉంది. హిందీలో పారా పైకెక్కితే కోపమొచ్చిందని అర్థం. తెలుగులో పాదరసం తెలివికి పేరు. ఒకే వస్తువు నుంచి ఒకరు కోపాన్ని, ఒకరు చాంచల్యాన్ని, మనం మేధను తీసుకున్నాం. అందుకు మనం కాస్త గర్వపడినా తప్పులేదు.

రసవాదం మన నేలకు కొత్తది కాదు. నిత్యనాథ సిద్ధుడి రసరత్నాకరం శ్రీపర్వతం, అంటే శ్రీశైలం, చుట్టుపక్కల సిద్ధిస్థలాల్ని వర్ణించింది. నాగార్జునుడి పేరు ఈ శాస్త్రంతో విడదీయలేకుండా అల్లుకుపోయింది. వేమన బంగారం చేసే విద్య వెంట తిరిగాడని జనం చెప్పుకుంటారు. 1947లో కె.వి.రెడ్డి తీసిన ‘యోగి వేమన’లో నాగయ్య ఆ మోజునూ, తరవాతి విరక్తినీ చూపించారు.

శాస్త్రజ్ఞుల చేతిలోనూ ఈ పేరు కొలతగా మారి బతికింది. 1643లో టొరిచెల్లి గాజు గొట్టంలో 760 మిల్లీమీటర్ల పాదరసాన్ని నిలబెట్టి గాలి బరువును కళ్ళకు కట్టాడు. ఇవాళ డాక్టరు బి.పి. నూటఇరవై, ఎనభై అన్నప్పుడు ఆ అంకెలు మిల్లీమీటర్ల పాదరసమే, యంత్రంలో పాదరసం చుక్క లేకపోయినా సరే. 1759 చలికాలంలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో బ్రౌన్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని గడ్డకట్టించేదాకా ఇది నిజంగా లోహమేనా అన్న అనుమానం పోలేదు. అన్ని లోహాలూ గట్టిగా ఉంటే ఇది ఒక్కటే మైనస్ 39 డిగ్రీల దాకా ఎందుకు పారుతుందో చెప్పడానికి ఐన్‌స్టీన్ సాపేక్షత కావలసివచ్చింది. కేంద్రంలోని 80 ప్రోటాన్ల లాగుడుకు ఎలక్ట్రాన్లు కాంతివేగంలో చెప్పుకోదగ్గ వంతు వేగంతో తిరుగుతాయి. దానివల్ల బయటి ఎలక్ట్రాన్లు లోపలికి ముడుచుకుని, పక్క పరమాణువుతో చేయి గట్టిగా కలపవు. తనలోకి తానే ముడుచుకోవడం చుక్కలోనే కాదు, పరమాణువులోనూ ఉందన్నమాట.

దీన్ని శిల్పంగా చూడాలనుకునేవాళ్ళు బార్సిలోనా వెళ్ళాలి. 1937 పారిస్ ప్రదర్శనలో, పికాసో గెర్నికా ఉన్న స్పెయిన్ మండపంలోనే, అలెగ్జాండర్ కాల్డర్ పాదరసంతో ఫౌంటెన్ కట్టాడు. ఫ్రాంకో సేనలు కన్నేసిన అల్మదేన్ గనుల కోసం కట్టినది అది. గని అనే అర్థమున్న అరబ్బీ మాటే ఆ ఊరి పేరు. ధార రేకుమీద పడి, ఆ ఊపుకు పైనున్న తీగ కదిలి, తీగతో రాసిన ఊరిపేరు గాలిలో ఊగేది. వస్తువు పారుతూ తన పుట్టినూరి పేరును తానే ఆడించే శిల్పం. ఇప్పుడది మీరో సంస్థ ప్రదర్శనశాలలో అద్దాల వెనక ఉంది.

అద్దాలు అనవసరం కాదు. ఆ జీవగతి మన ఊపిరితిత్తుల్లోకి కూడా దారి తెలిసినదే. జపాన్‌లోని మినమాతలో చేపల ద్వారా పాదరసం తిన్న జనం బాధ 1956లో బయటపడింది. ఆ ఊరి పేరుతోనే 2013లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది, 2018లో భారతదేశం దాన్ని ధ్రువీకరించింది. థర్మామీటర్లనుంచీ బి.పి. యంత్రాలనుంచీ పాదరసం వెళ్ళిపోతోంది. వెళ్ళనివ్వాలి కూడా. ఈ లోహాన్ని ఇంతగా ప్రేమించేవాణ్ణి గనకే చెబుతున్నాను, దాని అందం కళ్ళవరకే.

రసాయనశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు ఒక మనవి. 80వ గడి దగ్గరకు వచ్చినప్పుడు మెర్క్యురీ అని చెప్పండి, హెచ్‌.జి. అని రాయించండి, పాదరసం అన్న మాటను కూడా ఒకసారి పిల్లలచేత గట్టిగా పలికించండి. సీసా మూత మాత్రం తీయకండి.